పిడికిలి విప్పడానికి బంతి పనికిరాదు

ప్రశ్న: మా వారికి 36 ఏళ్లు. పది వారాల కిందట మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది, కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు గానీ కుడి చేతి వేళ్లు పిడికిలిలా ముడుచుకుపోతున్నాయి. భుజం ఒకటే నొప్పి. వచ్చినవాళ్లంతా రబ్బరు బంతి నొక్కించమంటున్నారు. సాయంత్రమయ్యేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండటం లేదు. బీపీ మామూలుగానే ఉంది, మాత్రలు ఆపొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ బంతి తీసి పక్కన పెట్టండమ్మా. ఆయన వేళ్లను ముడిచే కండరాలు ఇప్పటికే బిగుసుకుపోయి ఉన్నాయి, బలం లేనిది విప్పే కండరాలకు. బంతి నొక్కితే పని పడేది బిగిసినవాటికే.

మోచెయ్యి బల్ల మీద ఆనించి, మణికట్టును కాస్త కిందికి వంచండి. వేళ్లు వాటంతటవే వదులవుతాయి. అప్పుడు బొటనవేలిని మొదట్లో పట్టుకుని బయటికి తీసి, మిగతా నాలుగూ చాపండి. చాపినవి చాపినట్టే ఉంచి మణికట్టును మెల్లగా పైకి లేపి 30 సెకన్లు ఆపండి. నాలుగైదు సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. గుంజితే ఇంకా బిగుస్తుంది. వేళ్ల కొసలు పట్టుకుని లాగితే కీళ్లు పాడవుతాయి.

వేళ్లు ఏ కాస్త తెరుచుకున్నా వెంటనే పని చెప్పండి. ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని, పక్కకు జరిపి, వదలాలి. పట్టుకోవడం కన్నా వదలడమే అసలు కసరత్తు. ఫిజియో వచ్చి చేయించే అరగంట చాలదు, రోజంతా విడతలు విడతలుగా చేస్తూ ఉండాలి. ఆరు నెలలు దాటితే ఇక రాదని ఎవరైనా అంటే వినకండి. వేగం తగ్గుతుంది, అంతే.

భుజం సంగతి వేరు. చుట్టూ కండరాలు సడలితే చేతి బరువుకు ఎముక గూటి నుంచి కొద్దిగా కిందికి జారుతుంది. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగినా, చంకలో చెయ్యి వేసి ఎత్తినా నొప్పి పెరుగుతుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు ఉంచండి. తలపైన కప్పీకి తాడు వేసి చెయ్యి లాగించే వ్యాయామం వద్దు. చొక్కా ముందు కుడి చేతికి తొడగండి, విప్పేటప్పుడు ముందు ఎడమ చేతిది తీయండి.

ఆ నీరసాన్ని బద్ధకం అనుకోకండి. దెబ్బతిన్న మెదడుకు చిన్న పనీ పెద్ద శ్రమే. కష్టమైన కసరత్తులు పొద్దున్నే పెట్టి, మధ్యాహ్నం విశ్రాంతి ఇవ్వండి. గట్టిగా గురక పెడుతున్నా, దేని మీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉంటున్నా డాక్టరుకు చెప్పండి. రెండింటికీ వైద్యం ఉంది.

మాత్రలు ఆపొద్దు. బీపీ మామూలుగా ఉన్నది వాటి వల్లే. సాధారణంగా 130/80 లోపు ఉండేలా చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర సొంతంగా మానేస్తే మళ్లీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఉంది. ఇంత చిన్న వయసులో వచ్చింది కాబట్టి డిశ్చార్జ్ కాగితాల్లో కారణం ఏం రాశారో చూడండి. గుండె గోడలో రంధ్రం, మెడ రక్తనాళం లోపలి పొర చీలడం, రక్తం త్వరగా గడ్డకట్టే గుణం – వీటికి పరీక్షలు చేయకపోయి ఉంటే న్యూరాలజిస్టును అడగండి. సిగరెట్ ఉంటే ఈరోజే మానాలి.

ఎవరైనా పసరు పోస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మింగడం సరిగా రాని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది.