పాత చైన్‌సా మళ్లీ బలంగా కోయాలంటే ఏం చేయాలి?

మీ హస్క్‌వర్నా 268 చైన్‌సా నెమ్మదించిందని ఇంజన్ విప్పకండి, ముందు చైన్ చూడండి. పళ్లన్నీ ఒకే పొడవున, పదునుగా ఉండి, డెప్త్ గేజ్ (ప్రతి పంటికీ ముందుండే చిన్న బొడిపె) పంటి అంచుకన్నా సుమారు 0.65 మి.మీ. కిందికి ఉంటే సగం సమస్య తీరినట్టే.

తర్వాత క్రాంక్ సీళ్లు (ఇంజన్ ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు), ఇంధన గొట్టం మార్చండి. సీళ్ల దగ్గర గాలి లోపలికి లాగితే పెట్రోలు, దాంతోపాటు అందులో కలిపిన ఆయిలూ తక్కువై పిస్టన్ పట్టేస్తుంది. ఎన్నో మంచి రంపాలు ఇలాగే పాడవుతాయి, చూస్తే బాధేస్తుంది.

ఇంకా బలం కావాలంటే అదే కంపెనీ 272 మోడల్ సిలిండర్, పిస్టన్ బిగించవచ్చు. రెండింటికీ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 34 మి.మీ.; బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 50 నుంచి 52కి పెరిగి, 66.7 సీసీ కాస్తా 72.2 అవుతుంది. సైలెన్సర్ రంధ్రం పెద్దది చేస్తే మాత్రం కార్బురేటర్ హెచ్ స్క్రూ (ఎక్కువ వేగంలో పెట్రోలు ఎంత వెళ్లాలో సరిచేసేది) కాస్త విప్పి, పెట్రోలు పెంచాల్సిందే.