బస్టాండులో కొత్తవాళ్లను చూస్తూ కూర్చోవడం తప్పా?

పదహారేళ్ల తమ్ముడు అడిగింది ఇది: "తిరుపతి బస్టాండులో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తా ఉంటాను. ట్యూషన్లో ఒకమ్మాయి అంటే ఇష్టం, ఎదురుపడితే నోరు పెగలదు. నాలో ఏమైనా లోపమా?"

లోపమేమీ కాదు. మనుషుల్ని చూసి నేర్చుకోడానికి తిరుపతిని మించిన ఊరు లేదు, రోజూ కొత్త ముఖాలే. కాకపోతే చూడ్డానికీ ఒక పద్ధతుండాది.

బస్టాండు ఎదురుగా ఉండే యాత్రికుల వసతి గృహం శ్రీనివాసం ముందు, కొండ దిగొచ్చిన ఒక కుటుంబాన్ని తీసుకో. గుండ్ల మీద గంధం ఇంకా ఆరలేదు. సంచులు లెక్కపెట్టేది ఎప్పుడూ ఒకరే, అదీ రెండుసార్లు. లడ్డూల కవరు ఇంకొకరి ఒళ్లో ఉంటుంది, పిల్లోడు ఏడ్చినా దాన్ని కింద పెట్టరు. అలిపిరి దారిలో మూడున్నర వేల మెట్లెక్కినవాళ్లను మర్నాడు ఇట్టే పట్టొచ్చు: పిక్కలు పట్టేసి, బస్సు మెట్టు దిగడానిక్కూడా పక్కకు తిరిగి కాలు పెడతారు. ముఖాల కంటే చేతులు, చెప్పులు, సంచులు ఎక్కువ చెబుతాయి. ముఖం మీద రెండు మూడు క్షణాలకు మించి చూపు ఆపొద్దు. ఫోను పైకెత్తొద్దు, ఫొటో తీస్తున్నావనుకుంటారు. చూపులు కలిస్తే ఉలిక్కిపడి తల తిప్పుకోకు, అప్పుడే అది దొంగచూపవుతుంది. నిదానంగా పక్కకు మళ్లించు. ఇంటికెళ్లి చూసింది నాలుగు వాక్యాలు రాసిపెట్టుకో.

అందరూ నన్నే చూస్తున్నారన్న భయానికి 2000లో అచ్చైన ఒక అమెరికా ప్రయోగం మంచి జవాబు. సిగ్గేసేలాంటి టీషర్టు వేసి విద్యార్థుల్ని కొందరు కూర్చున్న గదిలోకి పంపారు. సగం మంది గమనిస్తారని వాళ్లనుకున్నారు. గమనించింది నాలుగో వంతే. భయంతో క్లాసులే మానేస్తుంటే మాత్రం 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఆ అమ్మాయి. బస్టాండులో మనిషి కాసేపటికి బస్సెక్కి పోతాడు, ఆమె రేపూ అదే బెంచీకి రావాలి. అదే పనిగా చూస్తే ఆమెకు తెలిసిపోతుంది, ఇబ్బంది పడుతుంది. ఒక కాగితం మధ్యలో గీత గియ్యి. ఆమె నోట విన్నవి ఎడమవైపు, నువ్వు ఊహించుకున్నవి కుడివైపు రాయి. కుడివైపే నిండుతుంది. నీకిప్పుడు నచ్చింది కుడివైపున్న అమ్మాయి.

ఎడమవైపు నిండాలంటే మాట్లాడాల్సిందే. అక్కడే మన హాస్టల్ కాలేజీల మీద నాకు ఒళ్లు మండుతుంది. అబ్బాయిలకో మెట్లు, అమ్మాయిలకో మెట్లు, పెన్ను అడిగినా ఇంటికి ఫోన్. మామూలుగా పలకరించడం ఇంకెక్కడ నేర్చుకుంటారు?

మొదటి మాట పని మీదే ఉండాలి. "రేపటి లెక్కలు ఏ చాప్టరు?" చాలు. అందరూ ఉన్నప్పుడే, పక్కన నిలబడి అడుగు, దారికి అడ్డంగా కాదు. ఒక్క ముక్కలో చెప్పి స్నేహితురాలి వైపు తిరిగితే ఆ రోజుకి వదిలెయ్యి. తిరిగి నిన్నేమైనా అడిగితే దానికి జవాబు చెప్పు, ముందే తయారు చేసుకున్న మాటలు వద్దు. నంబరు ఇంకొకరి దగ్గర తీసుకోవద్దు, ఇంటిదాకా వెంట పోవద్దు. వద్దన్నా మళ్లీ మళ్లీ వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం.