రామప్పకు పిల్లల్ని తీసుకెళ్తున్న టీచరమ్మకు

చిరంజీవి అమ్మాయికి,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సిగ్నల్ పోయి మాట సగంలో ఆగిపోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మంది, ఒకటే రోజు, వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్ కోట, పాలంపేటలోని రామప్ప గుడి మూడూ చూపిస్తానన్నావు. అందులో రెండు కొట్టెయ్.

కోపం తెచ్చుకోకు, ఆ తప్పు నేను చేసిందే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు యాభై రెండు మందిని ఒక డొక్కు బస్సులో ఎక్కించి మూడూ చుట్టేశాను. వేయి స్తంభాల గుడి చూపించి, తలలు లెక్కపెట్టి, మళ్ళీ బస్సెక్కించేసరికే పదకొండైంది. కోటలో మాడు పగిలే ఎండ. రామప్ప చేరేసరికి పొద్దు గుంకింది. నల్లరాతి మీది చెక్కడం చీకట్లో ఎవరికి కనబడుతుంది? మర్నాడు హెడ్మాస్టరు గారు ఒక పిల్లాణ్ణి పిలిచి "ఏం చూశావురా" అంటే, వాడు పాపం ఉన్నమాటే చెప్పాడు: "బస్సు సార్."

కాబట్టి రామప్ప ఒక్కటే పెట్టుకో. వేయి స్తంభాల గుడి హన్మకొండ ఊళ్ళోనే ఉంది, అమ్మానాన్నలతో ఏ ఆదివారమో చూస్తారు. కోటలో ఉన్న తోరణం మన రాష్ట్ర రాజముద్రలోనిదే, అది ఇంకో రోజు. మీ ఊరి నుంచి హన్మకొండకే గంటన్నర. అక్కణ్ణించి ములుగు మీదుగా పాలంపేట దాదాపు డెబ్భై కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే తొమ్మిదికల్లా గుడి ముందుంటారు, ఎండ ముదరక ముందే పని అవుతుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి వద్దు, జనంలో పిల్లల్ని వెతుక్కోవడమే సరిపోతుంది. మేడారం జాతర జరిగే ఏడైతే ఆ నెల అసలే వద్దు. ములుగు రోడ్డంతా బండ్లే.

సాక్సుల మాట ఇప్పుడే చెప్తాను, తర్వాత మరిచిపోతాను. గుళ్ళోకి చెప్పులు రానివ్వరు. పదకొండు దాటాక ఆ రాతి నేల పెనమే. పిల్లలు గుడిని చూడరు, నీడ ఎక్కడుందో చూస్తారు. ఒక్కొక్కరూ ఒక జత పాత సాక్సులు తెచ్చుకోమను. దీని వల్ల జరిగే మేలు నా పాఠాలన్నింటి వల్లా జరగలేదు.

వెళ్ళే ముందు క్లాసులో ఒక పీరియడ్ వాడుకో. కాకతీయుల వంశవృక్షం బోర్డు మీద రాయకు. పాత నూనె డబ్బాలో ఇసుక పోసి, దాని మీద ఇటుకలు పేర్చి, డబ్బాను పక్కనుంచి తట్టమను. ఆ గుడి పునాది గుంటను ఇసుకతో నింపారు. అదురు వచ్చినా మీది బరువు ఒక్కసారిగా విరిగిపడకుండా ఇసుక సర్దుకుంటుంది. ఎనిమిది వందల ఏళ్ళలో నేల కుంగి మండపం గచ్చు అక్కడక్కడా అలల్లా అయింది కానీ గుడి కూలలేదు. డబ్బా తట్టిన పిల్లలు అక్కడ ఆ గచ్చు చూడగానే "టీచర్, ఇసుక!" అని వాళ్ళే అరుస్తారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక, పై బరువు తగ్గించడానికి. ఇది మాత్రం ముందే చెప్పి జాగ్రత్తపడు. నేను ఆలస్యంగా చెప్పాను. నలుగురు మగపిల్లలు గుడి వెనక ఇటుక పెళ్ళలు ఏరి చెరువు వైపు ఉరికారు, తేలుతాయా లేదా చూద్దామని!

గుడిలో అడుగు పెట్టగానే గైడుకు అప్పగించకు. మొదటి పది నిమిషాలు నోట మాట లేకుండా ప్రదక్షిణ చేయించు. గుడి బయటి గోడ అడుగున చుట్టూ వరసగా ఏనుగులు కనిపిస్తాయి. ఏ రెండూ ఒకలా ఉండవని అక్కడ చెప్తుంటారు. నువ్వు నమ్మమనకు, నమ్మొద్దనకు. ఒక్కొక్కరూ ఒక ఏనుగు ముందు కూర్చుని, తొండం ఎటు తిప్పింది, కాలు ఎంత ఎత్తింది చూసి, పక్కవాడి ఏనుగుతో పోల్చి, తేడా నోటుబుక్కులో బొమ్మ వేయమను. నలభై మందీ అరగంట కిక్కురుమనకుండా కూర్చోవడం ఇక్కడొక్కచోటే చూశాను.

ఆ తర్వాత మదనికలు. చూరు కింద వాలుగా నిలబెట్టిన నల్లరాతి ఆడబొమ్మలు, పన్నెండు. మెడ ఎత్తి చూడాలి. ఒకామె కాళ్ళకు ఎత్తు మడమ చెప్పులున్నాయి, ఆడపిల్లలు దాన్ని పట్టేస్తారు. ఒంటిని చుట్టుకున్న పాముతో నాగిని ఉంటుంది. కొన్ని శృంగార శిల్పాలూ ఉన్నాయి, పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వుతారు. తిట్టకు, తరమకు. "పెళ్ళీ పిల్లలూ ఎలాగో గుడి మీద ఇవీ అలాగే" అని ఒక్క ముక్క చెప్పి పక్కకు నడు.

లోపల రంగమండపంలో కప్పు, దూలాలు మసకగా ఉంటాయి. ఫోను లైటు ఎదురుగా కొడితే అన్నీ చదునుగా కనిపిస్తాయి, పక్కనుంచి వాలుగా వెయ్యి. అక్కడి నర్తకుల, మద్దెలగాళ్ళ భంగిమలు చూసే, కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి ముందు పెట్టుకునే, నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. మీ పిల్లల్లో ఎవరికైనా చిందు వేయడం వస్తే ఆ కాలు మడత బయటికొచ్చి పట్టి చూపమను.

గర్భగుడి దగ్గర కృష్ణుడి చెక్కడం ఒకటుంది. దాన్ని వేలితో తడితే స్వరాలు పలుకుతాయని తట్టి చూపించేవాళ్ళున్నారు. నలభై మందీ తడతామంటారు. మనం తట్టొద్దని గట్టిగా చెప్పు. ఇన్నేళ్ళుగా ఎందరి వేళ్ళో ఆ రాతిని అరగదీశాయి. ఒక ఏడాది మా వాడొకడు తాళంచెవితో స్తంభం మీద పేరు గీకబోయాడు, చెవి పట్టుకున్నాను. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే చట్టంలో రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది. కానీ వాణ్ణి భయపెట్టలేదు. ఆవరణలోనే ఉన్న శాసన స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి, "పేరు రాయాలంటే ఇలా రాయాలి, ముందు గుడి కట్టు" అన్నాను. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం అది. శక సంవత్సరం 1135 అని ఉంది, మన క్రీస్తు శకం లెక్కకు 78 కలపమను, 1213 వస్తుంది. రామప్ప శిల్పి పేరు అన్నది జనం చెప్పుకునే మాట, రుద్రుడు కట్టించాడన్నది రాతి మీది మాట. రెండూ చెప్పు, ఏది ఏదో విడదీసి చెప్పు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన సంగతి అక్కడి బోర్డు మీదే ఉంటుంది, చదువుకుంటారు.

భోజనాలు చెరువు కట్ట దగ్గర పెట్టుకోండి. పులిహోర మేలు, సాంబారు డబ్బాలు బస్సులో ఒలుకుతాయి. వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టు. ఆడపిల్లల మరుగుదొడ్డి అవసరాలు ములుగులోనే బస్సు ఆపి చూసుకో, గుడి దగ్గరికెళ్ళాక చూద్దాంలే అనుకోకు. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ లెక్క నువ్వే పెట్టు, క్లాసు లీడర్‌కు వదిలెయ్యకు.

తిరుగు దారిలో హన్మకొండలో మా ఇంటి ముందు బస్సు ఆపు. నలభై మందికి టీ పెట్టే ఓపిక లేదు గానీ, మరమరాలు, ఉల్లిపాయ కలిపి పెడతాను. ఎవరి ఏనుగు ఎలా ఉందో ఆ నోటుబుక్కులు మాత్రం నాకు చూపించాలి.

ఆశీస్సులతో,
మీ పాత సోషల్ టీచరు