మచ్చ వేరు, మరక వేరు

సందేహం: అయ్యవారికి నమస్కారం. మా అబ్బాయి తిరుపతిలో డిగ్రీ చదువుతూ బాస్కెట్‌బాల్ ఆడతాడు. వాడి గది గోడ మీద కోబీ బ్రయంట్ పోస్టర్ ఉంది. మొన్న మా చెల్లెలు వచ్చి, ఆ ఆటగాడి మీద 2003లో ఒక అమ్మాయి అత్యాచారం ఆరోపణ చేసిందని, అలాంటివాడి బొమ్మ ఇంట్లో ఎందుకని అడిగింది. "ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందటి ఆరోపణ పిన్నీ, కేసు కూడా కొట్టేశారు. అంత గొప్ప ఆటగాడి కీర్తికి అది మచ్చ ఎలా అవుతుంది?" అన్నాడు వీడు. మాటా మాటా పెరిగి ఇంట్లో ఒకటే టెన్షన్. ఎవరిది న్యాయమో మిమ్మల్ని అడగను. 'ఆరోపణ కీర్తికి మచ్చ' అనడం తెలుగులో సరైన మాటేనా? 'మరక' అనాలా? ఆరోపణ, అభియోగం, నింద, అపవాదు, వీటికి తేడా ఏమిటి? (ఒక పాఠకురాలు, పుత్తూరు)

సమాధానం: అమ్మా, న్యాయం అడగనంటూనే అడిగారు. మాట సరైనదో కాదో తేల్చాలంటే ఆ మాట ఎవరి మీద పడుతోందో చూడక తప్పదు.

చిన్న తేడాలు ముందు చెప్పేస్తాను. నింద అంటే దూషణ, అందులో నిజమెంతో ఆ మాట చెప్పదు. అపవాదు అంటే తెలుగులో లేనిపోని మాట. వేదాంతులకు మాత్రం అపవాదం అంటే, ఒకదాని మీద పొరపాటున ఆరోపించినదాన్ని తొలగించడం. తాడు మీద పామును ఆరోపించి, దీపం తెచ్చి చూసి, పాము కాదని తెలుసుకోవడం. అభియోగం ఈ రోజుల్లో కోర్టు మాట. అమరకోశం 'మిథ్యాభియోగోఽభ్యాఖ్యానమ్' అంది. అంటే అబద్ధపు అభియోగానికి అభ్యాఖ్యానమని వేరే పేరుంది. అభియోగం దానంతట అదే అబద్ధమైతే అమరసింహుడు ముందు 'మిథ్యా' అని చేర్చే పనే లేదు.

ఇక ఆరోపణ. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మొదటి రోజు గరుడ ధ్వజాన్ని ధ్వజస్తంభం మీదికి ఎక్కిస్తారు. దాన్ని మనం ధ్వజారోహణం అంటాం. ధ్వజం తనంతట తాను ఎక్కదు కదా, ధ్వజారోపణం అనాలి కదా అని నా విద్యార్థులు అడిగేవారు. రెండూ రుహ్ ధాతువు నుంచి వచ్చినవే. ప్రేరణార్థంలో హకారానికి పకారం వస్తే రోపయతి, రాకపోతే రోహయతి. పాణిని 'రుహః పోఽన్యతరస్యామ్' అని దాన్ని వికల్పంగా వదిలేశాడు. కాబట్టి మన ధ్వజారోహణానికి వచ్చిన లోటేమీ లేదు. ఇక్కడ మనకు కావలసింది ఆ 'ఎక్కించడం' అన్న అర్థం. వింటికి నారి ఎక్కించడం ఆరోపణమే. ముఖం మీద చంద్రుణ్ణి ఎక్కించి ముఖచంద్రుడనడం ఆలంకారికుల ఆరోపం. ఒకరి మీద ఒక తప్పును ఎక్కించి చూపడమూ ఆరోపణే. ఎక్కించింది నిలుస్తుందా, జారిపోతుందా అన్నది తర్వాతి సంగతి. ఆ సంగతి తేలకముందే ఈ మాటను అబద్ధానికి పర్యాయంగా వాడుతున్నారు. 'అవన్నీ ఆరోపణలే' అన్న వాక్యంలో ఆ చివరి 'ఏ' ఎంత పని చేస్తోందో గమనించండి.

అసలు ప్రశ్నకు వస్తాను. మచ్చ ఒంటితో పుట్టేది, లేదా గాయం మానాక ఒంట్లో కలిసిపోయేది. మనకు ఒకవైపు తమిళం, ఒకవైపు కన్నడం. తమిళంలో మచ్చం అన్నా, కన్నడంలో మచ్చె అన్నా పుట్టుమచ్చే. మరక బయటినుంచి పడేది. తుడిస్తే పోవచ్చు, పోకపోవచ్చు, కానీ తుడిచి చూడాల్సిందే. దీనికి 'కఱ' అని పాత మాట కూడా ఉంది. శివుడు కఱకంఠుడు అయింది అందుకే. ఇప్పుడు మనవాళ్లు ఆ మాట మరిచిపోయారు, తమిళులు 'కఱై' అని రోజూ వాడుకుంటున్నారు.

మచ్చకూ మరకకూ ఉన్న దగ్గరితనం మామిడి తోటల్లో పనిచేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కాయ తొడిమ విరిస్తే సొన చిమ్ముతుంది. చేతిమీద పడగానే అది మరక. వెంటనే కడిగితే పోతుంది. కడగకుండా వదిలేస్తే చర్మం కాలి మచ్చ అవుతుంది. కాయ మీద పడినా అంతే, తొక్క నల్లబడి ధర పడిపోతుంది. మరక మచ్చగా మారేది ఆలస్యం వల్ల.

కీర్తికి మచ్చ గురించి మాట్లాడేవాళ్లు కాళిదాసును పిలవకుండా ఉండరు. 'ఏకో హి దోషో గుణసన్నిపాతే నిమజ్జతీందోః కిరణేష్వివాంకః'. ఎన్నో గుణాలున్నచోట ఒక్క దోషం, చంద్రకిరణాల్లో మచ్చలాగా మునిగిపోతుందని. ఆటగాళ్ల అభిమానులు ఈ అర్ధశ్లోకాన్ని కవచంగా వాడుకుంటారు. పై సగం ఎవరూ చదవరు. 'అనంతరత్నప్రభవస్య యస్య హిమం న సౌభాగ్యవిలోపి జాతమ్'. అక్కడ కవి వర్ణిస్తున్నది హిమవంతుణ్ణి. రత్నాలకు పుట్టిల్లయిన ఆ కొండకు మంచు ఒక లోపం కాలేదంటున్నాడు. ఆ దోషం మంచు! కొండకు పుట్టుకతో ఉన్న చలి. కొండ ఎవరికీ కీడు తలపెట్టలేదు, దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చంద్రుడి మచ్చా అంతే. పుట్టు లక్షణానికి చెప్పిన మాటను నడతకు అంటగడితే కాళిదాసుకు అన్యాయం చేసినట్టు.

నడత గురించి, నింద గురించి తెలుసుకోవాలంటే భాగవతం దశమస్కంధంలోని శ్యమంతకోపాఖ్యానం చూడాలి. వినాయక చవితినాడు అక్షతలు చేతిలో పట్టుకుని ఏటా వింటాం, మాటలు మాత్రం పట్టించుకోం. మణి మెడలో వేసుకుని వేటకు వెళ్లిన ప్రసేనుడు తిరిగి రాలేదు. అన్న సత్రాజిత్తు ఏమన్నాడు? 'ప్రాయః కృష్ణేన నిహతః'. మొదటి మాట చూడండి. ప్రాయః, అంటే బహుశా. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు కూడా ఆ 'బహుశా'ను వదల్లేదు. మరి విన్నవాళ్లు? 'కర్ణే కర్ణేఽజపన్ జనాః'. చెవి నుంచి చెవికి గుసగుసలాడుకున్నారు. ఆ ప్రయాణంలో ఎన్నో చెవి దగ్గర 'ప్రాయః' రాలిపోయి ఉంటుంది. నలభై ఏళ్లుగా ఈ ఘట్టం పాఠం చెబుతున్నాను, ఆ ఒక్క అవ్యయం దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను. ఈనాటి హెడింగుల్లో ఆ ప్రాయః ఎక్కడమ్మా?

తర్వాతి శ్లోకంలో మన మరక ఉంది. 'దుర్యశో లిప్తమాత్మని మార్ష్టుమ్'. తనకు అంటిన అపకీర్తిని తుడుచుకోవడానికి కృష్ణుడు బయల్దేరాడట. లిప్తం అంటే పూత, పై పూత. మార్ష్టుం అంటే తుడవడానికి. మచ్చ అని వ్యాసుడు అనలేదు. ఒంటరిగా వెళ్లలేదు కృష్ణుడు, 'నాగరైః' అన్నాడు వ్యాసుడు, ఊరివాళ్లను వెంటబెట్టుకుని ప్రసేనుడి అడుగుజాడల వెంట నడిచాడు. చచ్చిన గుర్రాన్ని, మనిషిని, సింహాన్ని అందరూ కళ్లారా చూశారు. గుహలో జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడాడు. మణి తెచ్చాక సత్రాజిత్తు ఇంటికి పంపించి ఊరుకోలేదు. రాజు ఎదుట, సభలో, అతణ్ణి పిలిపించి, మణి ఎలా దొరికిందో చెప్పి ఇచ్చాడు. 'నా అంతటివాణ్ణి అడుగుతారా' అనలేదు, 'పాత సంగతి ఇప్పుడెందుకు' అనలేదు. అనుమానించినవాడి మీద ఎదురు నింద వేయలేదు.

అయితే ఒక జాగ్రత్త. ఈ కథ వల్ల వచ్చిన 'నీలాపనింద' అన్న మాటను ప్రతి ఆరోపణకూ తగిలించేస్తున్నారు. అది నిజం కాదని తేలిన నిందకే ఆ పేరు. అడుగుజాడల వెంట నడవకముందే నీలాపనింద అనే హక్కు ఎవరికీ లేదు.

ఇది ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కాలేజీలో పేరున్న ఆటగాడి మీద జూనియర్ అమ్మాయి ఫిర్యాదు చేసింది. స్టాఫ్ మీటింగులో ఒక పెద్దాయన 'తప్పులెన్నువారు తండోపతండంబు' అని ఎత్తుకుని, మిగతాది తెలుగాయన చెప్పాలన్నట్టు నా వైపు చూశారు. 'ఉర్విజనులకెల్ల నుండు తప్పు, తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు' అని పూర్తి చేసింది నేనే. అందరూ తలలూపారు, ఫిర్యాదు అక్కడితో ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆ ఏడాదే గ్రౌండుకు రావడం మానేసింది. వేమన తప్పు లేదనలేదు, అందరికీ తప్పు ఉంటుందన్నాడు. ఎంచేవాణ్ణి తన తప్పు కూడా చూసుకోమన్నాడు. ఫిర్యాదు చేసినవాళ్ల నోరు మూయించడానికి ఆ పద్యం రాయలేదు. ఆ రోజు నేను ఆ మాట చెప్పాల్సింది, చెప్పలేదు.

మీ అబ్బాయి మాట దగ్గరికి వద్దాం. 'పాత ఆరోపణ' అంటున్నాడు. పాత చొక్కా పారేస్తాం. పాత బాకీ పారేయలేం, తీర్చేదాకా అది బాకీయే. విచారణ పూర్తికాని ఆరోపణ ఈ రెండో రకం. కోబీ బ్రయంట్ మీద 2003లో కొలరాడోలో అభియోగం మోపారు. 2004లో ఫిర్యాదు చేసిన అమ్మాయి కోర్టులో సాక్ష్యం చెప్పలేనన్నాక కేసు కొట్టేశారు. తనకు అది ఇష్టపూర్వకంగా జరిగినట్టే అనిపించిందని, ఆమె అలా చూడలేదని ఇప్పుడు తెలుసుకున్నానని ఆయన క్షమాపణతో ఒక ప్రకటన ఇచ్చాడు. 2005లో సివిల్ దావా రాజీతో ముగిసింది. 2020 జనవరిలో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన చనిపోయాడు. కోర్టు దోషి అనలేదు, నిర్దోషి అనీ అనలేదు. కొట్టేయడం వేరు, కల్ల అని తేల్చడం వేరు. దీన్ని '2003 వివాదం' అని రాసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. వివాదం అంటే ఇద్దరు సమంగా వాదించుకోవడం. పొలం గట్టు దగ్గర వివాదం ఉంటుంది. ఫిర్యాదును వివాదం అంటే ఫిర్యాదు చేసిన మనిషి వాక్యంలోంచి మాయమైపోతుంది. 'ఆరోపణలు గుప్పించారు', 'బురద చల్లారు' అనే క్రియలు ఇంకో రకం. అవి విచారణ లేకుండానే తీర్పు చెప్పేస్తాయి. 'ఆరోపణ చేశారు' అంటే చాలు, ఎవరు, ఎవరి మీద, ఎప్పుడు అన్నది పక్కన ఉంటే ఇంకా మంచిది.

'క్లీన్ చిట్' కూడా అంతే. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో క్రికెటర్ అజారుద్దీన్ మీద 2000లో బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదంది. 'నిషేధం చెల్లదు' ఒక వాక్యం, 'తప్పు చేయలేదు' ఇంకో వాక్యం. రెండింటినీ ఒక చిట్‌లో చుట్టేస్తే చదివేవాడికి ఏది తెలిసినట్టు?

ఇక కీర్తి. కీర్తించడం అన్నా ఇదే ధాతువు, నలుగురూ చెప్పుకునేది కీర్తి. పాత వ్యాఖ్యాతలు 'దానాదిప్రభవా కీర్తిః, శౌర్యాదిప్రభవం యశః' అని తేడా చెప్పేవారు. ఇచ్చే గుణం వంటి వాటివల్ల వచ్చేది కీర్తి, శౌర్యం వంటి వాటివల్ల వచ్చేది యశస్సు. కవులు ఈ గీతను పాటించలేదు, నేనూ పాటించమనను. కానీ మీ ఇంటి గొడవకు ఇది పనికొస్తుంది. బ్రయంట్ ఆడిన ఆట, గెలిచిన ఐదు ఛాంపియన్‌షిప్‌లు యశస్సు, ఆ ఆరోపణ వాటిని తాకదు. సైకిల్ పందేల ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి అలా కాదు. మందులు వాడాడన్న ఆరోపణల్ని ఏళ్లతరబడి కాదన్నాడు. 2012లో ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లూ పోయాయి, 2013 జనవరిలో తానే ఒప్పుకున్నాడు. అక్కడ పోయింది యశస్సే. పాత ఆరోపణ అని అప్పుడే పక్కన పెట్టేసి ఉంటే ఆ నిజం బయటికి వచ్చేది కాదు.

'కీర్తికి మచ్చ' తప్పు ప్రయోగమా అంటే, తప్పనలేను. 'మచ్చలేని మనిషి' అంటాం, 'మరకలేని మనిషి' అనం. వాడుక ఆ పక్కే ఉంది. అయినా తేలని ఆరోపణకు మచ్చ అనకుండా మరక అంటే బాగుంటుందని నా మనవి. మచ్చ అంటే తీర్పు చెప్పినట్టు, మరక అంటే తుడిచి చూడాల్సింది ఉందని ఒప్పుకున్నట్టు. మీ అబ్బాయి వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: 'ఇరవై ఏళ్ల కిందటి ఆరోపణ, విచారణ పూర్తికానిది, అతని ఆట మీద కాకపోయినా అతని కీర్తి మీద మరకగానే ఉంది.' మరక అన్న మాట చాలదు, మచ్చే అనాలని మీ చెల్లెలు అంటే, సొన సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి ఆమెకు నేను అడ్డు చెప్పను.