రోజూ డైరీ రాయడం కుదరనివాళ్ళు జ్ఞాపకాలను ఎలా రాసిపెట్టుకోవచ్చు? మీరెలా రాస్తారు?

అడిగినవారు ప్రశ్న కింద ఇంకో మాట కూడా అన్నారు: జనవరిలో డైరీ మొదలుపెడితే సంక్రాంతి దాటేసరికి ఆగిపోతోందని, అయినా రోజూ రాయడానికి ఏముంటుందని. నిజమే, ఏమీ ఉండదు. ఆఫీసుకెళ్ళాం, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం, పప్పన్నం తిని పడుకున్నాం. రోజూ ఇదే రాయమంటే ఎవరికైనా విసుగే. నేను రోజులవారీగా రాయను, కార్తెల వారీగా రాస్తాను.

కార్తెలు తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. నక్షత్రాలు 27 కాబట్టి ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. విత్తనం ఎప్పుడు వేయాలి, వాన మీద ఆశ ఎప్పుడు వదులుకోవాలి అన్నది రైతులు వీటిని బట్టే చూసుకునేవారు. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న సామెత అలా పుట్టిందే. సెప్టెంబరు నడిమికి వచ్చే ఉత్తర కార్తెలో కూడా చినుకు పడకపోతే ఇక ఊరు విడిచి బతుకుదెరువు వెతుక్కోవాల్సిందేనని. మనకు సాగు లేకపోయినా ఈ లెక్క పనికొస్తుంది. ఏడాదికి 27 సార్లు రాస్తే చాలు. రెండు వారాల్లో రాయదగ్గది ఒక్కటైనా జరక్కుండా ఉండదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది, నాకు అసలు నచ్చింది అదే. మన పండుగలు తిథుల ప్రకారం ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న. 2020లోనైతే అధిక ఆశ్వయుజం పడి, పెత్రమాసకూ (మహాలయ అమావాస్య) దసరాకూ మధ్య నెల పైన ఎడం వచ్చింది. 'నిరుడు ఉగాదికి వేపపూత బాగుంది, ఈసారి లేదు' అంటే అది చెట్టు తేడానో తేదీ తేడానో తెలియదు. కార్తెలు సూర్యుడి లెక్క కాబట్టి ఒకటి రెండు రోజులకు మించి కదలవు. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. నిరుటి మృగశిర, ఈ ఏటి మృగశిర పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు.

ఈ అలవాటు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మాది జనగామ వైపు పల్లె. అమ్మ ఎప్పుడూ డైరీ అని రాయలేదు. వంటింటి గోడకు పెద్ద కేలండర్, దానికి దారంతో కట్టిన పెన్ను, అంతే. 'పాలు రాలే', 'సిలిండర్ వచ్చింది', 'వదినె వచ్చి పోయింది, పండ్లు తెచ్చింది'. గడిలో పట్టేది నాలుగైదు మాటలే కాబట్టి సోది ఉండదు. చాలా ఏళ్ళ కేలండర్లు మా స్కూలు పుస్తకాలకు అట్టలైపోయాయి. మిగిలినవి ఈమధ్య సజ్జ మీద నుంచి దింపాం. ఒక జూన్ గడిలో ఇలా ఉంది: 'ఆరుద్ర పురుగులు. పిల్లలు అగ్గిపెట్టెల పెట్టిన్రు.'

అది చదవగానే అన్నీ కళ్ళముందుకొచ్చాయి. తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే, ఇంకా తడారని ఎర్రమట్టి మీద, కుంకుమకన్నా ఎర్రగా, మఖ్మల్ గుడ్డ ముక్కల్లా పాకుతూ కనిపించేవి. వేలు తగిలిస్తే కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని బొట్టుబిళ్ళలా అయిపోయేది. కదలకుండా ఊపిరి బిగబట్టి చూస్తే కాసేపటికి ముందు ఒక జత కాళ్ళు, తర్వాత మిగిలినవీ మెల్లగా బయటికొచ్చేవి. ఎనిమిది కాళ్ళుంటాయి. అంటే ఇది సాలీడుకు చుట్టం, నిజానికి కీటకాల్లో లెక్కరాదు. అదంతా పెద్దయ్యాక తెలిసిన సంగతి. అప్పుడు మా గొడవల్లా ఎవరి అగ్గిపెట్టెలో పెద్దది ఉందని. అందులో గడ్డి కూడా వేసేవాళ్ళం, తింటుందని. అది గడ్డి ముఖం కూడా చూడదు.

అమ్మ 'పిల్లలు చాలా సంతోషంగా ఉన్నారు' అని రాసి ఉంటే ఇందులో ఒక్క ముక్క కూడా గుర్తొచ్చేది కాదు. అందుకే నా సలహా ఏమిటంటే మనసులో అనిపించింది తక్కువ రాయండి. ఏం తిన్నారు, ఎవరొచ్చారు, ఏమన్నారు, ధర ఎంత, గాలి ఎటు నుంచి వీచింది, ఇవి రాయండి. అనుభూతి దానంతటదే వెనకాల వస్తుంది.

నా పుస్తకంలోంచి రెండు మచ్చుకి:

'రోహిణి. మేడ మీద ట్యాంకు నీళ్ళు రాత్రి పదింటికి కూడా కాలుతున్నాయి. పక్కింటి ఆంటీ వడియాలు పెట్టింది, కాపలా నేను.'

'చిత్త, 2020. అక్టోబరు 13 రాత్రంతా కుండపోత. కింది ఫ్లాట్‌లోకి నీళ్ళొచ్చాయి, వాళ్ళంతా మా ఇంట్లోనే. వాళ్ళ నానమ్మ చేతిలో పట్టుకొచ్చింది ఒక్క తమలపాకుల సంచి.'

ఆ రాత్రి హైదరాబాద్ వరదల వీడియోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, నా దగ్గరా ఉన్నాయి. అవి ఎవరు తీసినవైనా ఒకేలా ఉంటాయి. తమలపాకుల సంచి మాత్రం నా పుస్తకంలోనే ఉంది. ఫోటోలున్నాయి కదా, మళ్ళీ రాయడమెందుకు అనేవారికి నా జవాబు ఇదే.

కార్తె మారిందని ఎలా గుర్తుంటుందంటారా? పంచాంగంలో తేదీలుంటాయి, ఫోన్లో రిమైండర్ పెట్టుకోవచ్చు. నాకైతే అమ్మే రిమైండర్. జూన్ రాగానే ఫోన్: 'మిరుగం వచ్చింది, చాపలు తెచ్చుకున్నరా లేదా?' మిరుగం అంటే మృగశిరే, అది మొదలయ్యే రోజు చేపలు తినడం మావైపు ఆనవాయితీ. ఆ రోజు హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందుండదు, కొర్రమీను ధర అడిగితే గుండె గుభేలుమంటుంది. తిననివాళ్ళు ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసుకుంటారు. ఎవరు ఏం తిన్నారన్నది రాస్తే ఆ కార్తెకు సరిపోతుంది, టెన్షన్ లేదు.

కొన్ని కార్తెల్లో పట్నంలో నిజంగానే ఏమీ జరగదు. ఆగస్టులో వచ్చే ఆశ్లేష దగ్గర నా పుస్తకంలో ఏటా దాదాపు ఒకటే ముక్క: 'బట్టలు ఆరట్లేదు.' ఒక ఏడు మాత్రం 'బట్టలు ఆరాయి' అని ఉంది. ఆ ఏడు వానల్లేవు.