ఆటలో పోయిన రూ.86,400: పుట్టిన సంవత్సరమే కీలకం

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు. నా ఫోన్‌లో ఆట ఆడుతూ నాలుగు నెలల్లో 61 సార్లు వజ్రాలు (ఆటలో వాడే నాణేల్లాంటివి) కొని, ‘లక్కీ స్పిన్’ తిప్పి రూ.86,400 తగలేశాడు. కిరాణా కొట్టుకు పంపేటప్పుడు యూపీఐ పిన్ నేనే చెప్పాను. మొదటి చెల్లింపు జరిగి 21 నెలలైంది. అంతకుముందే వాడి 11వ పుట్టినరోజుకు ఆటవాళ్లు కానుక పంపి మచ్చిక చేసుకున్నారు. కోపంతో ఫోన్ రీసెట్ కొట్టించాను. ఇంట్లో రోజూ గొడవే. ఎవరో హ్యాక్ చేశారని సైబర్ పోలీసులకు ఫిర్యాదిస్తే డబ్బు వెనక్కి వస్తుందంటున్నారు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఇవ్వొద్దు. ప్రతి చెల్లింపూ సరైన పిన్‌తో, మీ ఫోన్ నుంచే జరిగింది. విచారణ నేరుగా మీ ఇంటికే వస్తుంది. తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద మీరే ముద్దాయి కావచ్చు. ఆ అబద్ధం ఒకసారి కాగితం మీదికెక్కితే వినియోగదారుల కమిషన్‌లో మీ నిజాన్నీ నమ్మరు. బ్యాంకు దారి కూడా మూసుకుపోయినట్టే. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం పిన్ ఇంకొకరికి చెప్పడం ఖాతాదారు నిర్లక్ష్యం. బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన సొమ్ము నష్టం మీరే భరించాలి.

మీరు మాటవరసకు రాసిన ఆ పుట్టినరోజు కానుకలోనే మీ కేసు ఉంది. కానుక వచ్చిందంటే ఆటవాళ్ల దగ్గర తేదీ ఉంది. దాంతోపాటు ఏ సంవత్సరం నమోదైంది? బాబు అసలు సంవత్సరమే ఇచ్చి ఉంటే, కొంటున్నది పిల్లవాడని తెలిసే కంపెనీ అమ్మింది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. పెద్దవాళ్ల సంవత్సరం కొట్టి ఉంటే మాత్రం ఈ వాదన నీరుగారుతుంది. యాప్ స్టోర్ ఖాతా మీ పేరున ఉంది కాబట్టి కొన్నది మీరేనంటారు.

అప్పుడు మిగిలేది అమ్మిన తీరు. వస్తువు 400 వజ్రాలైతే ప్యాకులు 310, 520 చొప్పున పెడతారు, చేతిలో ఎప్పుడూ కొన్ని మిగిలి మళ్లీ కొనిపించేలా. ‘ఇంకా 10 నిమిషాలే’ అన్న గడియారం సున్నాకు చేరి మళ్లీ మొదలైతే అది తప్పుడు తొందర. 2023 నవంబర్ 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే తెర ఎత్తుగడలు) మార్గదర్శకాలు దీన్ని నిషేధించాయి. అమెరికాలోనూ ఇలాంటి గొడవే జరిగింది. అనుమతి లేని కొనుగోళ్ల ఆరోపణలపై ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ 24.5 కోట్ల డాలర్లు వాపసుకు కట్టేందుకు 2022లో ఒప్పుకుంది. మన కమిషన్ ఆ ఒప్పందానికి కట్టుబడదు, ప్రస్తావించడానికి పనికొస్తుంది.

ఫోన్ రీసెట్ చేయించడం తెలివితక్కువ పని. స్క్రీన్‌షాట్లు, చాట్లు పోయాయి. అదృష్టం కొద్దీ అసలు రుజువులు ఫోన్‌లో ఉండవు. ఈమెయిల్‌లో స్టోర్ రసీదులు, వాటిపై ఆర్డర్ నంబర్లు ఉంటాయి. బ్యాంకు నుంచి ఆ నాలుగు నెలల స్టేట్‌మెంట్ తీసుకుని 61 చెల్లింపులనూ ఆర్డర్ నంబర్లతో జత చేసి పట్టిక రాయండి. జత కలవని రసీదులోని సొమ్మును క్లెయిమ్‌లో కలపకండి. ఆట ఖాతా తొలగించవద్దు. వేరే ఫోన్‌లో అదే ఖాతాతో తెరిచి, రూపాయి కట్టకుండా, ప్రొఫైల్‌లోని పుట్టిన తేదీ, కొనుగోళ్ల చరిత్ర, స్పిన్ తెర, గడియారం వీడియో తీయండి. ఈ వీడియోకు, రసీదుల ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ రుజువుకు ఇచ్చేది) జతచేయాలి. ప్రొఫైల్‌లో సంవత్సరం కనిపించకపోతే, ఆ రికార్డు తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు.

కమిషన్‌లో కేసు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం. ఒక్కో చెల్లింపుకు గడువు విడిగా లెక్కించి, మూడు నెలల్లో తొలి చెల్లింపుది ముగుస్తుందనే అనుకోండి. జాప్యాన్ని మన్నించమని అడగవచ్చు, కానీ ‘ఊరుకున్నాం’ అన్నది కారణం కాదు. ఈ వారమే రసీదుపై పేరున్న కంపెనీకి, ఆట సంస్థకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పిన్ మీరే చెప్పారని అందులో దాచకుండా రాయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే నల్గొండ జిల్లా కమిషన్‌లోనే వేయండి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు లేదు. ఆట షరతుల్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉన్నా భయపడకండి, అది కమిషన్‌కు అడ్డురాదు. పిన్ మాత్రం ఈ రోజే మార్చండి.