సూపర్ కంప్యూటర్‌లో అకౌంట్ వచ్చిన మేనకోడలికి

చిరంజీవి సౌమ్యకు అత్తయ్య ఆశీస్సులు.

ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ సూపర్ కంప్యూటర్‌లో నీకు అకౌంట్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు, అని కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మిచాంగ్ తుపానును బంగాళాఖాతం మొత్తానికి వాతావరణ మోడల్‌లో 1 కిలోమీటరు గ్రిడ్‌తో, అంటే కిలోమీటరుకో పాయింట్ పెట్టి, నడిపిస్తావట కదా. ఆయనకు సంబరం, నాకు టెన్షన్.

జాబ్ (మెషిన్‌కు ఇచ్చే పని) పెట్టేముందు కాగితం మీద ఒక లెక్క వేసుకో. 3 కి.మీ. నుంచి 1 కి.మీ.కి దిగితే గ్రిడ్ పాయింట్లు తూర్పు-పడమరగా మూడు రెట్లు, ఉత్తర-దక్షిణంగా మూడు రెట్లు పెరుగుతాయి. టైమ్ స్టెప్, అంటే మోడల్ ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయం, కూడా మూడో వంతుకు దించాలి, లేకపోతే మోడల్ మధ్యలోనే పేలిపోతుంది. అంటే పని 27 రెట్లు. 3 కి.మీ. రన్ ఐదు గంటలు తీసుకుంటే, అవే ప్రాసెసర్ల మీద 1 కి.మీ. రన్ ఐదున్నర రోజులు దాటుతుంది. అప్పుడు చేతికొచ్చేది ఒక్క రన్. అదే ఖర్చుతో 3 కి.మీ.లో 27 రన్‌లు చేసుకోవచ్చు. నన్నడిగితే ఆ 27లో పది చేసినా చాలు, ఆ ఒక్కదానికంటే ఎక్కువే తెలుస్తుంది.

ఎందుకంటావా? 1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్ మోడల్‌లో 0.506127 బదులు 0.506 అని కొడితే కాసేపటికి అందులో వాతావరణమే వేరే దారి పట్టింది. నీ తుపానుకూ అదే గతి. మొదలుపెట్టే సమయం ఆరు గంటలు జరిపినా, మేఘాల్లో చినుకులు ఎలా తయారవుతాయో లెక్కించే మైక్రోఫిజిక్స్ స్కీమ్ మార్చినా వాన బ్యాండ్లు పక్కకు పోతాయి. ప్రోగ్రామ్‌ను మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ మార్చినా అంకెలు అచ్చుగుద్దినట్టు రావు. ఒక్క రన్‌లో చెన్నై మీద కుండపోత కనిపిస్తే అది భౌతికశాస్త్రమో, అదృష్టమో నీకెలా తెలుస్తుంది? పదింటిలో ఎనిమిది అదే చెబితే అప్పుడు గైడ్ ముందు ధైర్యంగా కూర్చోవచ్చు.

ఇంకో మాట. "మిచాంగ్‌ను సిమ్యులేట్ చేస్తాను" అంటే అది ప్రశ్న కాదమ్మా. అది తీరం దాటింది 2023 డిసెంబర్ 5న, బాపట్ల దగ్గర. చెన్నై మాత్రం 3, 4 తేదీల్లోనే మునిగింది, తుపాను కేంద్రం ఇంకా సముద్రంలో ఉండగానే. వాన అంతసేపు అక్కడే ఎందుకు నిలిచిందన్నది ప్రశ్న. దీనికి బంగాళాఖాతమంతా సన్న గ్రిడ్ ఎందుకు? బయట 9 కి.మీ., తీరం చుట్టూ 3 కి.మీ. నెస్ట్, అంటే పెద్ద గ్రిడ్ లోపల చిన్న గ్రిడ్, పెట్టుకో. 9లో క్యుములస్ స్కీమ్ (గ్రిడ్‌కు చిక్కని చిన్న మేఘాల వానను అంచనా వేసేది) ఉంచు, 3లో తీసెయ్. నువ్వు వాడే వాతావరణ మోడల్ డబ్ల్యూఆర్ఎఫ్ వాళ్ల వాడుక లెక్క, గ్రిడ్ కిలోమీటర్లకు ఆరింతల సెకన్లు టైమ్ స్టెప్, అంటే 9కి 54. తుపానులో నిలువు గాలులు ఉధృతంగా ఉంటాయి, నేనైతే 45తో మొదలుపెడతాను.

ప్రాసెసర్లు ఎక్కువ అడిగితే త్వరగా అయిపోతుందనుకోకు. ఒక్క మడిలో పాతికమంది నాట్లకు దిగితే ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకోవడమే అవుతుంది. డొమైన్‌ను, అంటే లెక్క జరిగే ప్రాంతాన్ని, మరీ చిన్న ముక్కలు చేస్తే లెక్క చేసే సమయం కంటే అంచుల దగ్గర పక్క ముక్కతో మాట్లాడుకునే సమయం ఎక్కువైపోతుంది, ఒక హద్దు దాటాక మోడలే మొరాయిస్తుంది. మోడల్‌లో ఒక గంటను ఒక నోడ్ (ప్రాసెసర్లున్న ఒక్కో కంప్యూటర్), రెండు, నాలుగు, ఎనిమిది మీద నడిపి చూడు. ఎక్కడ లాభం ఆగిపోతుందో అక్కడే ఆగు. వాల్‌టైమ్, అంటే జాబ్‌కు కావాలని అడిగే సమయం, కూడా ఉజ్జాయింపుగా నిజమైనదే అడుగు. చిన్న జాబ్‌ను పెద్ద జాబ్‌ల మధ్య ఖాళీలో దూర్చేస్తుంది జాబ్‌ల వరస చూసే షెడ్యూలర్. ఎందుకైనా మంచిదని మూడు రోజులు అడిగావో, క్యూలోనే ఉంటావు. రన్ ఆగిపోతే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టేందుకు రీస్టార్ట్ ఫైళ్లు ఆరు గంటలకోసారి రాయించుకో. అందరూ లోపలికొచ్చే లాగిన్ నోడ్ మీద ఏదీ నడపకు, అడ్మిన్ నుంచి మెయిల్ వస్తే పరువు పోతుంది.

డిస్క్ సంగతి కూడా చూసుకో. 300 × 300 పాయింట్లు, ఎత్తులో 40 లెవెల్స్ అంటే 36 లక్షలు. ఒక్కో అంకెకు 4 బైట్లు. ఒక్క వేరియబుల్‌కు 14.4 ఎంబీ. అలాంటివి పాతిక, గంటకోసారి, మూడు రోజులకు దాదాపు 26 జీబీ. పది రన్‌లకు 260. స్క్రాచ్ అనే తాత్కాలిక డిస్క్‌లో పాత ఫైళ్లు తుడిచేసే చోట్లు చాలా ఉన్నాయి, మొదటి రోజే రూల్ కనుక్కో.

ఇప్పుడు అసలు సంగతి, వాన సరిచూసుకోవడం. మన వాతావరణ శాఖ ప్రకటించే "డిసెంబర్ 4 వర్షపాతం" అంటే 3వ తేదీ ఉదయం 8:30 నుంచి 4వ తేదీ ఉదయం 8:30 వరకు పడింది. యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, 03 గంటల నుంచి 03 గంటల వరకు. నీ మోడల్‌కు రోజు 00 యూటీసీకి, అంటే మన 5:30కి మొదలవుతుంది. ఆ మూడు గంటల తేడా చూడకుండా గ్రాఫులు గీసి మోడల్‌ను తిట్టేవాళ్లు ఎందరో. పైగా డబ్ల్యూఆర్ఎఫ్‌లో రెయిన్‌సీ (క్యుములస్ స్కీమ్ ఇచ్చే వాన), రెయిన్‌ఎన్‌సీ (మిగతా వాన) రెండూ రన్ మొదలైనప్పటి నుంచి పోగయ్యేవి. రెండూ కలిపి, 4వ తేదీ 03 విలువలోంచి 3వ తేదీ 03 విలువ తీసెయ్యాలి. 3 కి.మీ. నెస్ట్‌లో రెయిన్‌సీ సున్నా ఉంటుంది, కంగారుపడకు, క్యుములస్ స్కీమ్ తీసేసింది నువ్వే. రన్‌ను 2వ తేదీ 00 యూటీసీకి మొదలుపెట్టు. మొదటి పన్నెండు గంటలు మోడల్ కుదురుకోవడానికే పోతాయి, ఆ వానను లెక్కలోకి తీసుకోకు.

మీ ల్యాబ్‌లో ఎవరో ఇదంతా దేనికి, గూగుల్ డీప్‌మైండ్ ఏఐ మోడల్ గ్రాఫ్‌క్యాస్ట్ ఒక్క నిమిషంలో పది రోజులు చెప్పేస్తుంది అంటారు. నిజమే, తుపాను దారి బాగానే చెబుతాయి ఆ ఏఐ మోడళ్లు. కానీ గ్రాఫ్‌క్యాస్ట్ గ్రిడ్ పావు డిగ్రీ, అంటే దగ్గరదగ్గర 28 కి.మీ. చెన్నైలో ఏ పేట మునిగిందో అందులో వెతికితే దొరకదు. నేర్చుకో, పోల్చి చూడు, కాదనను.

వర్షమాపకాల డేటా కోసం పుణెలోని వాతావరణ శాఖకు దరఖాస్తు ఈ వారమే పెట్టు, రన్‌లు అయ్యాక చూద్దాంలే అనుకోకు. మోడల్ సెట్టింగులుండే నేమ్‌లిస్ట్ ఫైల్ నాకు వాట్సాప్ చెయ్, చూస్తాను. రాత్రి తొమ్మిది తర్వాతైతే ఖాళీగా ఉంటా.

మీ అత్తయ్య